సవరల పంతులు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే వాడుకభాషోద్యమం స్ఫురిస్తుంది. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. కాని ఆ ఉద్యమానికి ఎన్నో ఏండ్ల ముందే వారు మరొక భాష సేవకు పూనుకొన్నారు. అది లిపిలేని సవరభాష. ఆ సేవలో వారు తమ వినికిడినే పోగొట్టుకొన్నారు.

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో వీర్రాజు, వెంకమ్మ దంపతులకు జన్మించారు. రెవెన్యూ ఉద్యోగియైన తండ్రి విశాఖపట్టణం జిల్లా చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడనే విషజ్వరంతో కన్నుమూశారు. తండ్రిలేని ఆ బాలుడు విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషను పూర్తిచేశాడు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన సహాధ్యాయి. మరుసటి యేడే రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించారు.

పర్లాకిమిడిని ఆనుకొని ఉన్న కొండలు సవరల నివాసభూమి. వారు సంతలకు దిగివచ్చినప్పుడు లెక్కలో మోసపోయినా అడగలేరు. పత్రంలో ఏమి వ్రాసి ఉన్నదో చదువుకోలేరు. వీరికి చదువు చెప్పాలని పంతులుగారు సంకల్పించారు. అయితే ఏ భాషలో చెప్పడం? పాఠశాలల్లో వినిపించే తెలుగు గాని ఒరియా గాని ఆ పిల్లల ఇంటి భాష కాదు. విద్యార్థి కంటె ముందు ఉపాధ్యాయుడే నేర్చుకోవాలని వారు గ్రహించారు. రెండు భాషలూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని సవరభాషాభ్యాసం ప్రారంభించారు.

అది సులభమైన పని కాదు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. చేతికి అంది వచ్చే వ్యాకరణమూ లేదు, నిఘంటువూ లేదు. అందుచేత పంతులుగారు కాలినడకను కొండలెక్కి, సవరల నోట విన్న మాటను విన్నట్టుగా వ్రాసుకొన్నారు. ఆ మన్యం మలేరియాకు ఆలవాలం. మరల మరల వచ్చిన జ్వరానికి వాడిన క్వినైను ప్రాణం కాపాడింది గాని చెవులను హరించింది. చెవితో నేర్వవలసిన భాషకై చెవులనే అర్పించిన ఆ మహనీయుడు అంతటితో పని మానలేదు.

సవర పిల్లల కోసం వాచకాలు వ్రాశారు. కథలు, పాటలు సేకరించారు. స్వంత ధనంతో పాఠశాలలు పెట్టి, అధ్యాపకులకు జీతాలిచ్చి, సవరల చేత వారి భాషలోనే చదివించారు. 1911లో ఉద్యోగం విరమించిన తరువాత కూడ ఈ కృషి సాగింది. కుమారుడు సీతాపతిగారు తోడు నిలిచారు. ప్రభుత్వం 1913లో రావుబహద్దూరు బిరుదమిచ్చింది. వారి సవర వ్యాకరణ గ్రంథం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. విశాఖపట్టణంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, దానికి ఒప్పుకోలేని పంతులుగారు రాజమహేంద్రవరం తరలివచ్చారు. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో పరమపదించారు.

వారు గతించిన ఆరు దశాబ్దాలకు పైబడిన తరువాత ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో సవర మొదలైన గిరిజన భాషల వాచకాలు ప్రవేశించినవి. కొండమీది బిడ్డ రేపు నర్సుగానో, వైద్యుడుగానో, ఉపాధ్యాయుడుగానో తన వారికి తిరిగి సేవ చేయాలంటే మొదటి మెట్టు మొదటి తరగతిలోనే ఉన్నది. అక్కడ పాఠం బోధపడని పిల్లవాడు విశాఖ వైద్యకళాశాల గుమ్మం దాకా రాలేడు. విద్యార్థికి అర్థం కాకపోతే దోషం వాని బుద్ధిది కాదని, భాషది కావచ్చునని పంతులుగారి జీవితం చెపుతున్నది. బోధించ వచ్చినవాడు ముందు వినాలి. ఆ వినడం కోసం ఒక ఉపాధ్యాయుడు ఎంతవరకు వెళ్ళగలడో వారు చేసి చూపారు.