కులపతి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

ప్రతి సంవత్సరమును మన పాఠశాలనుండి కొందఱు విద్యార్థులు కళాశాలలకు బోవుచుందురు. వారిలో పెక్కుమంది చూపు హైదరాబాదునందలి మాదాపూరు వైపు ప్రసరించుచున్నది. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు అను సౌధము ప్రారంభింపబడిన పిమ్మట ఆ ప్రాంతమున కార్యాలయములును, వానితోపాటు కళాశాలలును, శిక్షణాలయములును, వసతిగృహములును వెలసినవి. అచట బిడ్డకు స్థానము దొరకినచో తమ భారము తీఱినదని తలిదండ్రులు తలంతురు. కాని మా యనుభవమున అసలు కష్టము ఆ దినముననే ప్రారంభమగును. ఇచ్చట ఉపాధ్యాయుడు ప్రక్కన నిలిచి తెలుగున విప్పి చెప్పిన పాఠము అచ్చట ఇంగ్లీషున గంటసేపు ధారగా సాగిపోవును. ఏది వ్రాసికొనవలెనో, ఏది విడువవలెనో, తెలియనిదానిని ఎవరి నడుగవలెనో బాలునికి దెలియదు. తెలివిగల పిల్లలే ఇట్లు తొట్రుపడి, ఇంటికి వ్రాయుటకు సిగ్గుపడి, చదువు చాలించుకొనుట మేము చూచియున్నాము. ఈ కష్టము నెఱిగి, నూఱేండ్లకు పూర్వమే విద్యార్థులకు చేయూతనిచ్చిన మహనీయు డొకడు మన యాంధ్రులలో గలడు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు జెప్పదలచితిమి.

రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్య నాయుడుగారు సైన్యమున సుబేదారు. తండ్రి యుద్యోగమువలన బాల్యము ఉత్తరదేశమున గడచుటచే వీరికి హిందీ, ఉర్దూ, పారసీక భాషలు అలవడినవి. తరువాత హైదరాబాదు నగరమున ఉన్నత పాఠశాల విద్య ముగించిరి. ఊరును, భాషయు మాఱినప్పుడు చదువు ఎట్లు క్రొత్తగా మొదలిడవలసివచ్చునో వీరు చిన్ననాడే యెఱుగుదురు.

పిమ్మట వీరు చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో జేరిరి. దాని కప్పుడు విలియము మిల్లరు దొరగారు అధ్యక్షులు. స్కాట్లండు దేశమునుండి వచ్చిన ఆ మిషనరీ, పాఠము చెప్పుటతో గురువు పని తీఱదని నమ్మినవాడు. విద్యార్థి యెచట బసచేయునో, ఎవరితో తిరుగునో కూడ ఆయన విచారించెడివాడు. దూరపు టూళ్లనుండి వచ్చిన విద్యార్థులకై వసతిగృహముల నేర్పఱచెను. ఆ గురుశిష్య సంబంధము నాయుడుగారి హృదయమున నాటుకొని, కడవఱకు విడువలేదు. నాయుడుగారు క్రైస్తవమతమును స్వీకరింపక బ్రహ్మసమాజమున జేరిరి. అయినను తమ గురువునెడ భక్తి వారికి ఎన్నడును తగ్గలేదు.

ఎం. ఏ. పట్టము నందిన పిదప వీరు బోధకవృత్తి నవలంబించిరి. రాబర్టు నోబిలు దొరగారు 1843లో మచిలీపట్టణమున స్థాపించిన పాఠశాలయే పెరిగి నోబిలు కళాశాల యైనది. అందు వీరు ఇంగ్లీషు బోధించిరి. ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మొదలగువారు ఆ కాలపు శిష్యులు. తరువాత కొన్ని యేండ్లు సికింద్రాబాదునందలి మహబూబు కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. అనగా నేడు మన పిల్లలు ఏ నగరమునకు చదువుకై పోవుచున్నారో, ఆ నగరమునందే వీరు మొదట శిష్యులై, పిదప గురువులైరి.

వీరి జీవితమున ముఖ్యమైన భాగము కాకినాడలో గడచినది. పిఠాపురము రాజా వారి కళాశాలకు 1919 వఱకు సుమారు పదునైదేండ్లు వీరు అధ్యక్షులు. తెల్లని వస్త్రములు ధరించి వీరు ఇంగ్లీషు సాహిత్యము బోధించుచుండగా వినుటయే యొక భాగ్యమని శిష్యులు చెప్పుకొనెడివారు. ఆ కళాశాల ద్వారములను వీరు బాలికలకు దెఱచిరి. అంటరానివారని సంఘము దూరముంచిన కుటుంబముల బాలురకును దెఱచిరి. ఆ దినములలో అది సామాన్యమైన సాహసము కాదు.

అయితే ద్వారము దెఱచుటతో వీరు తృప్తిపడలేదు. తలదాచుకొను చోటు లేనివాడు రాత్రి పుస్తక మెచట దెఱచును? ఆకలిగొన్నవాని మనస్సు పాఠముమీద నెట్లు నిలుచును? కావున ఆ వెలివాడల విద్యార్థులకై వసతిగృహము నేర్పఱచిరి. పిఠాపురము రాజా సూర్యారావు బహద్దరువారి సహాయమున అనాథశరణాలయము వెలసినది. బీద విద్యార్థుల జీతములకు, పుస్తకములకు వీరి స్వంత వేతనమునుండి ధనము వెడలుచుండెను. యౌవనముననే భార్యను గోల్పోయిన వీరు మరల వివాహమాడలేదు. శిష్యులే వీరి కుటుంబము.

వీరు కేవల మృదుస్వభావులు కారు. నడవడి చెడినచో విద్య నిలువదని వీరి నిశ్చయము. మద్యపానమును, భోగముమేళములను తీవ్రముగా ఖండించిరి; అట్టి వేడుకలకు పోరాదని శిష్యులకు బోధించిరి. పెద్దలు కొందఱు నవ్విరి, కొందఱు కోపించిరి. వీరు లక్ష్యపెట్టలేదు.

1925వ సంవత్సరమున వీరు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అవతరించుటకు పాటుపడినవారిలో వీరొకరు. దొరతనమువారు సర్ బిరుదము నిచ్చిరి. ప్రజలు బ్రహ్మర్షి యనిరి, కులపతి యనిరి. శిష్యులను పోషించుచు విద్య గఱపువానికే మన పూర్వులు కులపతి యను పేరు పెట్టిరి. పోషణమును బోధనమును వేఱుచేయని వీరికి ఆ పేరు మిక్కిలి తగినది. 1939వ సంవత్సరము మే 26వ తేదీన వీరు పరమపదించిరి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు వెనుకబడిన విద్యార్థులకై ప్రత్యేక తరగతులకు ఒకప్పుడు ధనసహాయము చేసిరి. పెక్కు కళాశాలలలో క్రొత్తవారికి చదువుపద్ధతులను నేర్పు తరగతులు జరుగుచున్నవి. ఇవి మంచివే. కాని బాలుని పేరు పెట్టి పిలిచి, నిన్న యేల రాలేదని యడుగు గురువు లేనిచో ఇవన్నియు పట్టికలో కాలమానములుగనే మిగులును.

విద్యార్థులారా! కళాశాలలో జేరిన మొదటి వారముననే మీ సందేహము నడుగదగిన గురువు నొకని వెదకికొనుడు. విన్న పాఠమును ఆ రాత్రియే మీ మాటలలో వ్రాసికొనుడు. తెలియలేదని చెప్పుటకు సిగ్గుపడకుడు. తలిదండ్రులారా! బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినవని యడుగుటకు ముందు, ఏమి కష్టముగ నున్నదని యడుగుడు. ఇక ఉపాధ్యాయులమైన మేమును, పాఠశాల విడిచిన పిల్లలను మఱవక, మొదటి సంవత్సరమున వారి యోగక్షేమముల నరయుదుము గాక. నాయుడుగారి ఋణము తీర్చుకొనుటకు మాకు ఇంతకంటె వేఱు మార్గము దోచుట లేదు.