భూమి పగుళ్లను చదివిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్

షిల్లాంగ్ పీఠభూమి వాయవ్య భాగాన, గారో కొండల ప్రాంతంలో చెడ్రాంగ్ అనే చిన్న నది ప్రవహిస్తోంది. 1897 వరకు కొండల్లోని అనేక ఏరులలో అదీ ఒకటి. ఆ ఏడాది జూన్ 12న సంభవించిన మహా భూకంపం ఆ నది దారిలో కొత్త జలపాతాలను, కొత్త మడుగులను సృష్టించింది. ఆ మార్పులకు కారణమైన భ్రంశాన్ని వెతికి, కొలిచి, నమోదు చేసిన శాస్త్రవేత్త రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. ఆయన ఆనాడు రాసిపెట్టిన వివరాలు శతాబ్దం గడిచాక, నేల కింద దాగి ఉన్న మరో పెద్ద భ్రంశం జాడ తీయడానికి తోడ్పడ్డాయి.

భూమి పైపొరలోని శిలలు ఒత్తిడికి తాళలేక పగిలి, ఆ పగులుకు ఇరువైపులా ఉన్న భాగాలు స్థానం తప్పి జరిగితే దానిని భ్రంశం అంటారు. కొండల వరుసలు, లోయలు, నదుల మలుపులు అనేక చోట్ల ఈ భ్రంశాల వెంటే రూపుదిద్దుకున్నాయి. అయితే భూకంపానికి, భ్రంశానికి మధ్య ఉన్న సంబంధం పందొమ్మిదో శతాబ్దం చివరి నాటికి కూడా పూర్తిగా తేలలేదు. ఆ చర్చ సాగుతున్న కాలంలోనే ఓల్డ్‌హామ్ వృత్తి జీవితం గడిచింది.

ఓల్డ్‌హామ్ 1858 జూలై 31న ఐర్లండ్‌లోని డబ్లిన్ నగరంలో జన్మించారు. ఆయన తండ్రి థామస్ ఓల్డ్‌హామ్ పేరుపొందిన భూగర్భ శాస్త్రవేత్త. 1851లో కలకత్తా చేరుకుని, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థను తొలి అధిపతిగా పాతికేళ్లపాటు తీర్చిదిద్దారు. 1869 జనవరిలో కచార్ ప్రాంతాన్ని కుదిపిన భూకంపాన్ని పరిశీలించారు. ఆ అధ్యయనం అచ్చుకాకముందే 1878లో కన్నుమూశారు.

మరుసటి సంవత్సరమే రిచర్డ్ అదే సంస్థలో ఉద్యోగిగా చేరారు. అప్పటికి ఆయన రగ్బీ పాఠశాలలోను, లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లోను చదువు పూర్తిచేశారు. తండ్రి వదిలివెళ్లిన రాతప్రతులను సవరించి, కచార్ భూకంపంపై నివేదికను 1882లోను, భారతదేశ భూకంపాల పట్టికను ఆ మరుసటి ఏడాది వెలువరించారు. తండ్రి ఆరంభించిన పనిని పూర్తిచేయడంతో మొదలైన ఆ ఆసక్తి జీవితాంతం ఆయనను వీడలేదు.

తరువాతి సంవత్సరాలలో ఓల్డ్‌హామ్ హిమాలయ శ్రేణులలోను, దేశంలోని ఇతర ప్రాంతాలలోను విస్తృతంగా పర్యటించారు. పంజాబ్ మైదానంలో నదులు దారి మార్చుకున్న తీరును 1886లో ఒక వ్యాసంలో చర్చించారు. భారతదేశ భూగర్భ శాస్త్ర పరిజ్ఞానాన్ని ఒకచోట చేర్చిన ప్రామాణిక గ్రంథాన్ని సమూలంగా సవరించి, 1893లో రెండో ముద్రణగా అందించారు. మహా భూకంపం వచ్చేనాటికి ఈ దేశపు నేల గురించి ఆయనకు దాదాపు రెండు దశాబ్దాల అనుభవం ఉంది.

1897 జూన్ 12 శనివారం సాయంత్రం సుమారు 5 గంటల 15 నిమిషాలకు భూమి కంపించింది. అప్పటి అస్సాం పాలనా కేంద్రమైన షిల్లాంగ్‌లో రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. చిరపుంజి పరిసరాలలో కొండచరియలు విరిగిపడి వందలాది మంది మరణించారు. కలకత్తాలో సైతం భవనాలు దెబ్బతిన్నాయి. మొత్తం 1,500 మందికి పైగా ప్రాణాలు కోల్పోయినట్లు లెక్కతేలింది. ఆ సమయంలో చాలామంది ఆరుబయట ఉండడం వల్ల ప్రాణనష్టం ఆ మేరకైనా తగ్గింది. ఆ భూకంప తీవ్రత 8 దాటి ఉంటుందని నేటి శాస్త్రవేత్తల అంచనా.

ఓల్డ్‌హామ్, ఆయన సహచరులు బాధిత ప్రాంతాలలో పర్యటించి ఆధారాలు సేకరించారు. కూలిన గోడలు, ఒరిగిన స్తంభాలు, గుంటల అంచులకు తగలకుండానే పైకెగిరి పక్కన పడిన బండరాళ్లు, నేలలోంచి ఉబికిన ఇసుక, ఇలా ప్రతి వివరాన్నీ నమోదు చేశారు. వాటన్నిటిలో విశిష్టమైనది చెడ్రాంగ్ నది వెంట కనిపించిన భ్రంశం. అది సుమారు 20 కిలోమీటర్ల పొడవున సాగింది. దానికి తూర్పున ఉన్న నేల కొన్నిచోట్ల ఏమాత్రం మారలేదు, మరికొన్ని చోట్ల గరిష్ఠంగా 35 అడుగుల మేర, అంటే మూడంతస్తుల భవనమంత ఎత్తున పైకి లేచింది.

ఆ నది భ్రంశాన్ని పలుమార్లు దాటుతూ ప్రవహిస్తుంది. ఎగువ భాగం పైకి లేచిన చోట నీరు కిందికి దూకి జలపాతమైంది. దిగువ భాగం పైకి లేచిన చోట ప్రవాహానికి అడ్డుకట్ట పడి మడుగు ఏర్పడింది. అంతవరకు ఆరిన నేలపై ఉన్న చెట్లు నీటిలో నిలిచిపోయాయి. సాధారణంగా లక్షల సంవత్సరాలలో జరిగే భూస్వరూప నిర్మాణం అక్కడ కొద్ది క్షణాలలో పూర్తయింది.

పగులు ఏదీ కనిపించని చోట్ల కూడా కొత్త మడుగులు ఏర్పడడం ఓల్డ్‌హామ్ దృష్టిని ఆకర్షించింది. అంతకుముందు కొండలు అడ్డుగా ఉండి కనిపించని దూరప్రాంతాలు ఇప్పుడు కనిపిస్తున్నాయని కొందరు స్థానికులు తెలిపారు. వీటినిబట్టి చెడ్రాంగ్ భ్రంశం ఒక్కటే ఇంతటి విలయానికి మూలం కాజాలదని, అసలు కదలిక పీఠభూమి అడుగున విశాలంగా జరిగి ఉంటుందని ఆయన భావించారు. సర్వే ఆఫ్ ఇండియా ఆ ప్రాంతపు కొలతలను మళ్లీ తీసింది. దూరాలలో, ఎత్తులలో గణనీయమైన మార్పులు బయటపడ్డాయి. అయితే కొలతలకు ఆధారంగా తీసుకున్న బిందువులు కూడా కదిలి ఉండవచ్చు గనుక, వాటినుంచి స్పష్టమైన నిర్ణయానికి రావడం ఆనాడు సాధ్యపడలేదు.

1899లో వెలువడిన ఆయన నివేదిక భూకంప శాస్త్రంలో ప్రామాణిక రచనగా నిలిచిపోయింది. అస్సాంలో పుట్టిన ప్రకంపనలు ఇటలీలోని పరికరాలలో సైతం నమోదయ్యాయి. ఆ రేఖలను పరిశీలించిన ఓల్డ్‌హామ్ భూకంప తరంగాలు మూడు రకాలని గుర్తించారు. ముందుగా చేరేవి ప్రాథమిక తరంగాలు, వాటి వెనుక వచ్చేవి ద్వితీయ తరంగాలు, చివరగా చేరేవి నేల ఉపరితలం వెంట ప్రయాణించేవి.

అనారోగ్య కారణాల వల్ల ఓల్డ్‌హామ్ 1903లో పదవీ విరమణ చేసి స్వదేశానికి తరలివెళ్లారు. పరిశోధనను మాత్రం విరమించలేదు. భూమి లోతులలోకి వెళ్లిన తరంగాల వేగం అక్కడ మందగించడాన్ని గమనించి, భూమి మధ్యలో భిన్నమైన పదార్థంతో కూడిన కేంద్రభాగం ఉందని 1906లో ప్రతిపాదించారు. నేడు పాఠశాల పుస్తకాలలో కనిపించే భూకేంద్రం అనే భావనకు భూకంప తరంగాల ఆధారం చూపినవారిలో ఆయన ప్రథములు. 1908లో లయెల్ పతకం, 1911లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించాయి. 1920 నుంచి రెండేళ్లు లండన్ జియొలాజికల్ సొసైటీకి అధ్యక్షులుగా వ్యవహరించారు.

వృద్ధాప్యంలోనూ ఆయన ఆలోచన భారతదేశపు నేలవైపే మరలింది. 1819 జూన్‌లో కచ్ ప్రాంతంలో సంభవించిన భూకంపంపై 1926లో సమగ్ర రచన వెలువరించారు. ఆ విపత్తులో రణ్ ప్రాంతాన కొన్ని మీటర్ల ఎత్తున పొడవైన గట్టు లేచింది. సింధు నదికి చెందిన ఒక పాయకు అది అడ్డుగా నిలిచింది. సింద్రీ కోట ఉన్న నేల కుంగి జలమయమైంది. మనుషులు కట్టిన గట్టు కాదు కనుక ప్రజలు దానిని అల్లా బంద్ అని పిలుచుకున్నారు. చెడ్రాంగ్ నది ఒడ్డున తాను చూసిన దృశ్యానికి అది పెద్ద రూపం. ఓల్డ్‌హామ్ 1936 జూలై 15న వేల్స్‌లో తుదిశ్వాస విడిచారు. భూకేంద్రం లోపల మరో అంతర కేంద్రం ఉందని ఇంగె లేమన్ ప్రకటించినది కూడా అదే సంవత్సరంలో.

2001లో రోజర్ బిల్హామ్, ఫిలిప్ ఇంగ్లండ్ అనే శాస్త్రవేత్తలు పాత సర్వే కొలతలను ఆధునిక గణన పద్ధతులతో మళ్లీ విశ్లేషించారు. పీఠభూమి ఉత్తరపు అంచు కింద, దక్షిణ దిశగా వాలిన, సుమారు 110 కిలోమీటర్ల పొడవైన భ్రంశం దాగి ఉందని, 1897లో అదే కదిలిందని వారు నిర్ధారణకు వచ్చారు. పీఠభూమి ఉత్తర భాగం ఆనాడు 11 మీటర్లకు తక్కువ కాకుండా పైకి లేచిందని లెక్కగట్టారు. ఆ భ్రంశానికి ఓల్డ్‌హామ్ పేరు పెట్టారు. దాని స్వరూపంపై శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇంకా కొనసాగుతోంది.

పీఠభూమి దక్షిణపు అంచున డౌకి భ్రంశం ఉంది. ఈ అంచుల నడుమ ఎత్తుగా నిలిచిన నేల బంగాళాఖాతం మేఘాలను అడ్డగిస్తుంది. సోహ్రా, మౌసిన్‌రామ్ వంటి చోట్ల కురిసే అపార వర్షానికి ఆ ఎత్తు ఒక ప్రధాన కారణం. అక్కడి సెలయేళ్లు, లోతైన లోయలు, బంగ్లాదేశ్ మైదానంలోకి చేరే వరదనీరు, వీటన్నిటి వెనుక భూమి పగుళ్ల చరిత్ర ఉంది.

1897 అనుభవంతో ఈశాన్య ప్రాంత ప్రజలు బరువైన రాతి గోడలను వదిలి, కలప చట్రం, రెల్లు తడికలు, తేలికైన పైకప్పుతో ఇళ్లు కట్టుకున్నారు. అస్సాం తరహా ఇళ్లుగా పేరుపొందిన ఆ నిర్మాణాల స్థానంలో షిల్లాంగ్, గువాహటి నగరాలలో నేడు బహుళ అంతస్తుల కాంక్రీటు భవనాలు లేస్తున్నాయి. దేశంలో భూకంప ముప్పు అత్యధికంగా ఉన్న ప్రాంతాలలో ఇదొకటి. ఒక శతాబ్దపు ప్రశాంతత మనుషుల లెక్కలో దీర్ఘకాలం, భ్రంశాల లెక్కలో స్వల్పకాలం. అందుకే ఓల్డ్‌హామ్ నివేదిక నేటికీ పరిశోధకులకు, భవన నిర్మాణ నిపుణులకు అవసరమైన పత్రంగానే ఉంది.