దత్త మండలాల పొలాలను గొలుసుతో కొలిపించిన మన్రో

రాయలసీమలో పొలం పొలం కొలిపించి, రైతు పేరునే శిస్తు కట్టే రైతువారీ పద్ధతికి పునాది వేసినవారు సర్ థామస్ మన్రో.

ఆయన 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించారు. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు. సేలం ప్రాంతపు బారామహల్‌లో కెప్టెన్ రీడ్ వద్ద భూమి కొలతలు, శిస్తు వ్యవహారాలు నేర్చుకున్నారు.

1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి అప్పగించగా, మన్రో వాటికి ప్రధాన కలెక్టరు అయ్యారు. అప్పటికి ఎక్కడ చూసినా పాలెగాళ్లదే పెత్తనం. ఏ ఊరిలో ఎంత భూమి సాగులో ఉన్నదో కరణాల లెక్కలే ఆధారం. మన్రో ఏళ్ల తరబడి డేరాలలో మకాం చేస్తూ ఊరూరా తిరిగారు.

1802లో పైమాషీ మొదలైంది. కొలత తెలిసిన గుమాస్తాలు మొదట నలుగురే దొరికారు. స్థానికులకు పని నేర్పి ఆ సంఖ్యను వందకు పెంచారు. కొలతకు 33 అడుగుల గొలుసు వాడారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. కొలిచినవారి వెనుక మరి కొందరు వచ్చి, రెడ్డి, కరణం, రైతుల సమక్షంలో నేల తరం నిర్ణయించేవారు.

కొలత తేలినా రైతుకు బరువు తగ్గలేదు. శిస్తు ఎక్కువగా ఉన్నదని, నాలుగో వంతు తగ్గించాలని మన్రో 1807లో సిఫారసు చేశారు. పైవారు అంగీకరించలేదు. ఆయన స్వదేశం వెళ్లాక రైతువారీని పక్కన పెట్టి గ్రామాలను గుత్తకు ఇచ్చారు. చాలాచోట్ల గుత్తదారులు, రైతులు కూడా చితికిపోయారు.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చాకనే ఆ సిఫారసు అమలుకు నోచుకున్నది. మెట్ట, మాగాణి భూములకు నాలుగో వంతు, తోట భూములకు మూడో వంతు శిస్తు తగ్గింది. ఈలోగా 13 ఏళ్లు గడచిపోయాయి.

పదవి విడిచి వెళ్లేముందు సీమను మరోసారి చూడాలని వచ్చిన మన్రో, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఆయన జ్ఞాపకార్థం పత్తికొండలో ప్రభుత్వం తోపు వేయించి, మెట్ల బావి తవ్వించింది. సీమ పల్లెలలో మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు.