లియోనార్డు ఆయిలరు జీవితము

గణితశాస్త్రమున కొంచెము ప్రవేశమున్న ప్రతి విద్యార్థియు ఆయిలరు నామమును వినియే యుండును. ఆయన చేసిన పనులన్నియు వ్రాయ బూనినచో ఈ సంచిక యంతయు చాలదు. కావున ఘనవస్తువును ముక్కలుగా భాగించుట, ఆ ముక్కలను సరిగా కూర్చుట అను నొక్క విషయమును పట్టుకొని ఆ మహనీయుని చరిత్రను మేము సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఆయిలరు 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండు దేశమందలి బాసెలు నగరమున జన్మించెను. తండ్రి సంఘ కాపరి; కుమారుడును దైవసేవ చేయవలెనని ఆయన కోరిక. కాని యోహాన్ బెర్నూలీ అను గణితాచార్యుడు ప్రతి శనివారము మధ్యాహ్నము ఆ బాలుని సందేహములు తీర్చుచు, వాని ప్రజ్ఞను గుర్తించి, తండ్రిని సమ్మతింపజేసెను. 1727లో ఆయిలరు రష్యాలోని సెయింటు పీటర్సుబర్గునకు, 1741లో బెర్లినునకు పోయి అచ్చటి శాస్త్ర పరిషత్తులలో పనిచేసెను. ఈ నడుమనే కుడికంటి చూపు పోయెను. అయినను చూపు మిగిలియున్నంత కాలము సాయంకాలమున ఇంటివారి నందరిని చేర్చి, వేదములో నొక అధ్యాయము చదివి, ప్రార్థన జరుపుచుండెను.

1744లో ఆయన ప్రకటించిన గ్రంథమున వక్రరేఖను చిన్న చిన్న సరళరేఖల గొలుసుగా భావించెను. ఆ గొలుసులో నొక బిందువును కదల్చినచో దాని కిరువైపుల నున్న రేఖలు రెండును కదలును. ఏలయన ఆ బిందువు రెండింటికిని ఉమ్మడి. ఈ చిన్న సంగతిని విద్యార్థులు జ్ఞాపక ముంచుకొనవలెను.

1750లో ఆయన ఘనవస్తువుల మూలలను, అంచులను, ముఖములను లెక్కించి, మూలల సంఖ్యనుండి అంచుల సంఖ్యను తీసివేసి ముఖముల సంఖ్యను కలిపినచో 2 వచ్చునని కనుగొనెను. పాచికకు మూలలు 8, అంచులు 12, ముఖములు 6, ఫలము 2. తరువాతి గణితజ్ఞులు ఈ సూత్రమును పెంచి, ఘనముల సంఖ్యను గూడ తీసివేసిరి. అప్పు డొక పాచికకు ఫలము 1. రెండు పాచికలు ఒక ముఖమును ఉమ్మడిగా కలిగియున్నచో 12 − 20 + 11 − 2, అనగా మరల 1. అవి వేరుగా నున్నచో ఫలము 2.

దీని ప్రయోజన మేమని కొంద రడుగవచ్చును. నేటి ఇంజనీర్లు వంతెన బలమును తెలిసికొనుటకు దానిని వేలకొలది చిన్న ఘనములుగా భాగించి కంప్యూటరుచే లెక్క కట్టింతురు. ఇది 1960లో రే క్లఫ్ అను అమెరికా ఇంజనీరు ఫైనైట్ ఎలిమెంట్ అని పేరిడిన పద్ధతి. ఆ ముక్కల అల్లికను మెష్ అనియు, మూలలను నోడ్‌లనియు పిలుతురు. స్తంభమును, దూలమును వేరువేరుగా భాగించినచో, కలియు చోట స్తంభపు ముఖమున 4 గళ్లు, దూలపు ముఖమున 9 గళ్లు పడవచ్చును. కంటికి రెండును ఆనియున్నట్లే తోచును. కాని ఒకవైపు నోడ్‌లు 9, రెండవవైపు 16. వానిలో ఒకే తావున బడునవి నాలుగు మూలలు మాత్రమే. ఆ నాలుగింటినే కలిపి ఊరకున్నచో బరువంతయు నాలుగు బిందువులగుండ దిగినట్లు లెక్క వచ్చి, లేని ఒత్తిడి ఉన్నట్లు కనబడును. పై విధముగ లెక్కించినచో 1 రావలసిన చోట −2 వచ్చి దోషమును పట్టి యిచ్చును.

దీనికి మేలైన మందు, కలియు ముఖమును ముందుగా ఒక్కమారే భాగించి, ఆ గళ్లనే రెండు ఘనములకును వాడుట. అది వీలుకానిచో సన్నని గళ్లవైపు నోడ్ ఎదుటి పెద్ద గడిలో ఎచ్చట పడునో చూచి, ఆ గడి మూలల కదలికకు దీని కదలికను ముడివేయుదురు. పిమ్మట వంగిన ఆకారమును పెద్దదిగా జూచి అతుకున పగులు కనబడునేమో పరీక్షింతురు.

అయితే ఈ లెక్క యొక్కటే చాలదు. రెండు ఘనములు ఒకే మూలలో తగిలియున్నను ఫలము 1 వచ్చి మనలను మోసపుచ్చును. ఆయిలరు సహితము ఇట్టి చోటనే తప్పెను. ఘనపు మూలల నొక్కొక్కటిగా కోయుచు తన సూత్రమును నిరూపింప జూచెను. కాని అట్లు కోయగా మిగిలిన భాగములు ఒక్కొక్కప్పుడు ఒక అంచున మాత్రమే అంటియుండునని గమనింపలేదు. దోషములేని నిరూపణము 1794లో లెజాండ్రు అను ఫ్రెంచి పండితు డిచ్చెను. సూత్రము సత్యమే, నిరూపణమున అతుకు వదులు. ఇది ఆయన ఘనతను తగ్గింపదు. మనకు మాత్రము జాగ్రత్త నేర్పును.

1766లో ఆయిలరు పీటర్సుబర్గునకు మరలి వచ్చెను. రెండవ కన్నును పోయెను. 1771లో ఇల్లు తగులబడగా పీటరు గ్రిం అను బాసెలు వాసి ఆ అంధుని మోసికొని వచ్చి ప్రాణము కాపాడెను. 1773లో భార్య మరణించెను. ఇన్ని కష్టములలోను ఆయన మనస్సులోనే గణించుచు, శిష్యులచేతను కుమారులచేతను వ్రాయించుచు, తన రచనలలో దాదాపు సగము ఆ చీకటిలోనే ముగించెను. 1783 సెప్టెంబరు 18న, 76వ యేట, పరలోకగతుడయ్యెను.

కన్నులుగల మనము అంచులు చూడక, మెట్లు విడిచి, జవాబునకు దుముకుచుందుము. ఆ వృద్ధుడు చూపు లేకయే మనస్సులో గణించెను. మా విద్యార్థులు లెక్క చేయునపుడు ప్రతి మెట్టును పై మెట్టునకు గట్టిగా కూర్చిరో లేదో చూచుకొందురు గాక. వంతెన నిలుచుట అతుకులోనే యున్నది.