పరదేశమున దొరకిన ఇల్లు: వివేకానంద స్వామి జీవితము

పరదేశమున అడుగిడిన వానికి మొట్టమొదట కావలసినది తల దాచుకొన ఒక నీడ, పలుకరించు ఒక మనిషి. లోకమంతయు కీర్తించిన వివేకానంద స్వామికి సైతము ఒకనాడు ఈ రెండును కరవయ్యెను. ఆ నీడ వారికి లభించిన విధమును, దానిని వారు నిలుపుకొనిన విధమును, పూర్వులు ఓడలెక్కి వచ్చిన ప్రతి కుటుంబమును తెలిసికొనదగినవి.

నరేంద్రనాథ దత్తు అను పేరుగల ఈ మహనీయుడు 1863వ సంవత్సరము జనవరి 12వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి విశ్వనాథ దత్తు న్యాయవాది, తల్లి భువనేశ్వరీదేవి. శ్రీరామకృష్ణ పరమహంసను ఆశ్రయించి, 1886లో గురుదేవులు సమాధి చెందిన పిదప సన్యసించి, దండకమండలములతో దేశమంతయు తిరిగిరి. తెలుగువారికిని ఆ పాదస్పర్శ లభించెను. 1893 ఫిబ్రవరి 13వ తేదీన సికింద్రాబాదులోని మహబూబు కళాశాలలో తమ పాశ్చాత్యదేశ యాత్రోద్దేశమును గూర్చి వారు ఉపన్యసించిరి. మదరాసులో అళసింగ పెరుమాళ్ మొదలగు శిష్యులు ఇల్లిల్లు తిరిగి చందాలు ప్రోగుచేసిరి. ఖేత్రీ మహారాజును సాయపడెను. మే 31వ తేదీన స్వామి బొంబాయి రేవున ఓడ నెక్కిరి.

జూలై నెలాఖరునకు చికాగో చేరిన తరువాత కష్టములు ఆరంభమయ్యెను. సర్వమత మహాసభ సెప్టెంబరులో గాని జరుగదనియు, పరిచయ పత్రము లేనివారికి ప్రవేశము లేదనియు తెలిసెను. చేతిలోని ధనము మంచువలె కరగిపోవుచుండెను. ఖర్చు తక్కువ యగునని బోస్టను వైపు పయనింపగా, రైలులో పరిచయమైన కేట్ శాన్‌బార్న్ అను విదుషి వారిని తన పల్లెయింటికి ఆహ్వానించెను. అందుమూలముననే హార్వర్డు విశ్వవిద్యాలయమున గ్రీకు భాషాచార్యులగు జాన్ హెన్రీ రైట్ గారి స్నేహము లభించెను. మహాసభ నిర్వాహకులకు పరిచయ పత్రము వ్రాసి యిచ్చినవారు ఆయనయే.

చికాగోకు మరలి వచ్చునప్పటికి స్వామి చేతనున్న చిరునామా జారిపోయెను. ఆ రాత్రి రైలు యార్డులో ఒక ఖాళీ పెట్టెయే వారికి పడక యయ్యెను. మరునాడు ఉదయము తలుపు తలుపు తట్టుచు దారి అడిగిరి. మాసిన కాషాయమును, నల్లని మేనిని చూచి కొందరు తలుపులు మూసికొనిరి. అలసి వీథి ప్రక్కన కూలబడిన తరుణమున, డియర్‌బార్న్ అవెన్యూలోని ఎదురింటి తలుపు తెరచుకొనెను. జార్జి హేల్ గారి ఇల్లాలు తానే వెలుపలికి వచ్చి, మహాసభకు వచ్చిన ప్రతినిధియా యని అడిగి, లోనికి తోడ్కొనిపోయెను. స్నానమునకు ఏర్పాటుచేసి, ఆకలి తీర్చి, పిదప తానే వెంటబెట్టుకొని నిర్వాహకుల కార్యాలయమునకు పోయెను.

సెప్టెంబరు 11వ తేదీన సభ ప్రారంభమయ్యెను. ఆ దినములలో స్వామికి జాన్ లయన్ అను ధనికుని గృహమున విడిది యొసగిరి. ఆ యింట దక్షిణ రాష్ట్రముల బంధుమిత్రులును దిగియుండిరి. రంగు గలవానితో ఒకే బల్లపై భుజించుటకు వారు సమ్మతింపరేమో యని గృహిణి కలతచెంది, స్వామిని హోటలుకు పంపుట మేలేమో యని భర్తతో ఆలోచించెను. లయన్ గారు స్వామితో కొంతసేపు ముచ్చటించి వచ్చి, తక్కిన అతిథులందరు వెడలిపోయినను సరే, ఈ భారతీయుడు మాత్రము తన యిష్టము వచ్చినంతకాలము ఇచ్చటనే యుండునని తేల్చి చెప్పెను. ఉపన్యాసములకు వచ్చిన నాణెములను స్వామి చేతిరుమాలున మూటగట్టి తెచ్చి ఆ గృహిణి ఒడిలో పోయగా, ఆమె వానిని గుర్తించి లెక్కించుట నేర్పెను. ఆరేండ్ల మనుమరాలికి తలపాగ చుట్టుట స్వామియే చూపిరి.

సభ ముగిసిన పిదప హేల్ గారి గృహమే వారికి స్థిరవాస మయ్యెను. ఎన్ని ఊళ్ళు తిరిగినను చికాగోలో వారి పెట్టె బేడ అచ్చటనే యుండెడివి. ఆ దంపతులను ముద్దుగా ఫాదర్ పోప్, మదర్ చర్చ్ అని పిలిచెడివారు. కుమార్తెలు మేరీ, హారియెట్, మేనకోడండ్రిద్దరు వారికి చెల్లెండ్రైరి.

స్వామి కీర్తి పెరుగగా అసూయయు పెరిగెను. ఆయన వేషధారి యని, ఏ హిందువును పంపలేదని కొందరు ప్రచారము సల్పిరి. కుమార్తెలను ఆయనతో కలియనీయవలదని హేల్ గారికి ఆకాశరామన్న ఉత్తరము వచ్చెను. ఆయన దానిని నిప్పులో పడవైచెను. తన్ను నిందించుటకంటె, నమ్మి అన్నము పెట్టినవారి విశ్వాసమునకు మచ్చ వచ్చునేమో యనునదియే స్వామికి పెద్ద వ్యథ. నెలల తరబడి స్వదేశము మౌనము వహించెను. తుదకు 1894లో మదరాసు, కలకత్తా నగరములలో సభలు జరిగి కృతజ్ఞతా తీర్మానములు వెలువడెను. జునాగఢ్ దివాను హరిదాస్ విహారీదాస్ దేశాయి స్వయముగా హేల్ గారికి లేఖ వ్రాసెను. స్వామి ఋణము తీరినంతగా ఊరట చెందిరి.

ఇంటివారితో మాట పట్టింపులును లేకపోలేదు. స్వామి మాట కటువుగా నున్నదని 1895లో మేరీ మందలించెను. సత్యము విషయమున తాము మెత్తబడజాలమని స్వామి నిర్మొహమాటముగా వ్రాసిరి. తరువాత ఇరువురును ఒకరికొకరు పద్యములు వ్రాసికొని మరల నవ్వుకొనిరి. ఆదరించిన ఇంట మెలగుట వేరు, మనసు దాచుకొనుట వేరు. స్వామి మొదటిది నేర్చిరి. రెండవదానిని దరికి రానీయలేదు.

1897లో స్వదేశమునకు మరలి రామకృష్ణ మిషను స్థాపించిరి. 1899లో రెండవసారి పాశ్చాత్య యాత్ర చేసిరి. 1900లో హేల్ గారు గతించిన వార్త విని మేరీకి తోబుట్టువువలె ఓదార్పు లేఖ వ్రాసిరి. 1902 జూలై 4వ తేదీన, ముప్పది తొమ్మిదేండ్ల ప్రాయమున, బేలూరు మఠమున దేహము చాలించిరి.

1860 నవంబరు 16వ తేదీన మదరాసు నుండి ట్రూరో అను ఓడ డర్బను రేవు చేరెను. ఆ ఓడతో మొదలై, 1911 వరకు వచ్చిన కూలీల కొరకు ఏ గృహిణియు తలుపు తెరచి నిలువలేదు. వారికి దొరకినవి తోటలలోని కొట్టములు. అయినను ఆ కొట్టములలోనే ఒకరి గంజి ఒకరు పంచుకొని, కొత్తగా వచ్చినవానికి చాపలో చోటిచ్చి, పరాయివారిని అన్నా, వదినా యని పిలుచుకొని ఇల్లు కట్టుకొనిరి. వీథిప్రక్క కూర్చున్న అపరిచితునికి తలుపు తెరచిన ఆ తల్లి ధర్మము వారికిని తెలిసినదే. ఆ ధర్మమును కాపాడుకొనుట ఈనాటి సంతానము వంతు.