బీఎస్సీ నుంచి లాకు.. వంగర పీవీ నడిచిన దారి

డిగ్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నారా? మూడేళ్లు చదివిన సబ్జెక్టు మీది కాదని ఇప్పుడిప్పుడే అర్థమవుతోందా? బీఎస్సీ చేసి లా చదవాలని, బీటెక్ చేసి ఎంఏ ఎకనామిక్స్‌కు పోవాలని లోపల ఉంటుంది. ఇంట్లో చెప్పాలంటేనే నోరు రాదు. ఇన్నేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు నీళ్లపాలేనా అని బాపు అడుగుతాడు. మొదట్నుంచి మళ్లీ మొదలుపెడితే ఎప్పుడు సెటిల్ అవుతావని మేనమామ అడుగుతాడు. ఇంజినీరింగ్ చదివినోడిగా ఈ ప్రశ్నలు నాకు కొత్త కాదు. మీకూ కావని తెలుసు.

అందుకే ఈసారి మన దగ్గరి మనిషి గురించే చెప్తాను. హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఎయిర్‌పోర్టు వైపు వెళ్లేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆయన పేరు చదివే ఉంటారు. పాములపర్తి వెంకట నరసింహారావు. ప్రధాని అయిన తెలుగువాడని జీకే బిట్‌లో గుర్తుపెట్టుకున్నాం. కానీ ఆయన డిగ్రీ చేసింది సైన్స్‌లో, ఆ తర్వాత చదివింది లా అన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

మొదట మూసుకున్న తలుపు

పీవీ 1921 జూన్ 28న నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే వంగరకు చెందిన పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ దంపతులు దత్తత తీసుకున్నారు. భీమదేవరపల్లి మండలంలోని ఈ ఊరు 2016లో జిల్లాల విభజన జరిగేదాకా కరీంనగర్‌లోనే ఉండేది. ఇప్పుడు హనుమకొండ జిల్లా కిందికి వస్తుంది. దగ్గర్లోని కట్కూరులో బంధువుల ఇంట్లో ఉండి కొంత, ఆ తర్వాత హనుమకొండలో కొంత చదువు సాగింది.

1938లో ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడినందుకు నిజాం ప్రభుత్వం కన్నెర్ర చేసింది. వందల మందిని కాలేజీల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో పీవీ ఒకరు. అప్పటికి ఆయన వయసు 17. ఒక్క బ్యాక్‌లాగ్ పడితేనే వారం రోజులు అన్నం సహించదు మనకు. ఆయనకైతే సొంత రాజ్యంలో చదువే ఆగిపోయింది.

అలాంటి విద్యార్థులను చేర్చుకోవడానికి నాగపూర్ విశ్వవిద్యాలయం ముందుకొచ్చింది. పీవీ సరిహద్దు దాటారు. పుణెలోని ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ చేశారు. అప్పట్లో అది బొంబాయి విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఆ తర్వాత నాగపూర్‌లో ఎల్‌ఎల్‌బీ. ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగేది. అక్కడికి పోయాక ఇంగ్లిష్ పాఠాలు, చుట్టూ మరాఠీ మాటలు. అంటే ఒక్క సబ్జెక్టే కాదు, భాష మారింది, ఊరు మారింది, రాజ్యమే మారింది. మీడియం మారితేనే మునిగిపోతామని భయపడే మనం ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి.

లా పనికొచ్చింది, కానీ లేటుగా

లా పూర్తయ్యాక హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్‌గా చేరారు. ఇక వరసగా కేసులు, నల్లకోటు, పేరు అనుకుంటాం కదా. అట్ల జరగలేదు. 1947-48లో ఆయన కోర్టులో కాదు, చాందాలో ఉన్నారు. ఇప్పటి చంద్రాపూర్ అదే, మన ఆదిలాబాద్ సరిహద్దుకు అవతల. నిజాం మీద పోరాడే కాంగ్రెస్ వాళ్లు అక్కడ శిబిరం పెట్టుకున్నారు. తర్వాత వరంగల్‌లో పాములపర్తి సదాశివరావుతో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. 1952 ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయారు. అప్పటికి 30 దాటాయి. ఆ రోజు వంగరలో ఎవరైనా చూసి ఉంటే, బీఎస్సీ వదిలి లా చదివాడు, లా వదిలి పత్రిక పెట్టాడు, ఎన్నికలకు పోయి ఓడాడు అని లెక్కగట్టేవారేమో.

1957లో మంథని నుంచి ఎమ్మెల్యే అయ్యారు. అక్కడి నుంచే వరసగా నాలుగుసార్లు గెలిచారు. 1962లో రాష్ట్ర మంత్రివర్గంలో న్యాయశాఖ చేతికొచ్చింది. ఎప్పుడో నాగపూర్‌లో చదివిన లా అక్కడ పనికొచ్చింది. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక భూపరిమితి చట్టం కోసం పట్టుబట్టినప్పుడు మళ్లీ పనికొచ్చింది. భూస్వాముల ఇంట పెరిగిన మనిషి భూస్వాములకు నచ్చని చట్టం తెచ్చారు. 1973 జనవరికల్లా పదవి పోయింది. పుణె రోజుల మరాఠీ కూడా ఊరికే పోలేదు. హరి నారాయణ్ ఆప్టే నవలను అబల జీవితం పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ వేయిపడగలను హిందీలోకి తీసుకెళ్లారు.

అరవై దాటాక కోడింగ్

నాకు బాగా నచ్చిన భాగం ఇది. 1980ల మధ్యలో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కంప్యూటర్ల గురించి మాట్లాడుతోంది. పాతతరం నాయకులకు ఇవి తలకెక్కవన్న అభిప్రాయం ఉండేది. కేంద్రమంత్రిగా ఉన్న పీవీ హైదరాబాద్‌లోని కొడుకుకు చెప్పి ఢిల్లీకి ఒక కంప్యూటర్ తెప్పించుకున్నారు. కొన్నాళ్లు నేర్పే మనిషిని పెట్టుకున్నారు, తర్వాత మాన్యువల్స్ ముందేసుకుని సొంతంగా కూర్చున్నారు. బేసిక్, కోబాల్ లాంటి భాషల్లో ప్రోగ్రాములు రాసేదాకా వెళ్లారు. యూట్యూబ్ లేదు, ఎర్రర్ వస్తే వెతకడానికి గూగుల్ లేదు. నల్లటి తెర, మెరిసే కర్సర్, పక్కన లావుపాటి పుస్తకం. అంతే.

ఇది వింత అనిపిస్తుంది గానీ, ఆలోచిస్తే కాదు. సైన్స్ చదివినప్పుడు లెక్కను మెట్లుమెట్లుగా విడగొట్టడం అలవాటవుతుంది. చట్టంలో సెక్షన్ రాసేటప్పుడూ ఇదే పని: ఇలా అయితే ఇది వర్తిస్తుంది, కాకపోతే అది. కోడ్‌లో ఇఫ్, ఎల్స్ అంటే ఇదే కదా. సబ్జెక్టు మారినా, దాన్ని చదివిన బుర్ర మారదు. అది మనతోనే వస్తుంది.

తెలియనిది తెలిసినవాళ్లకు

1991 జూన్ 21న పీవీ ప్రధాని అయ్యేనాటికి రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకమే దేశం దగ్గరుంది. ఆయన డిగ్రీల్లో ఎకనామిక్స్ లేదు. అందుకే ఆర్థికశాఖకు రాజకీయ నాయకుడిని కాకుండా ఆర్థికవేత్త మన్మోహన్‌సింగ్‌ను ఎంచుకున్నారు. పరిశ్రమల శాఖను తన దగ్గరే పెట్టుకున్నారు. జులై 24న వచ్చిన పారిశ్రామిక విధానంతో చాలా పరిశ్రమలకు లైసెన్సుల గొడవ తప్పింది. కొత్త ఫీల్డ్‌లోకి పోయేటప్పుడు మీరూ ఇది పాటించొచ్చు. రానిది వచ్చినట్టు నటించకండి, వచ్చినవాళ్లను పక్కన పెట్టుకోండి.

అన్నీ మంచే చెప్తే మోసమవుతుంది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు ప్రధాని ఆయనే. ఆ ప్రశ్న ఆయన్ను చివరిదాకా వదల్లేదు. ఎంపీల ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. 2004 డిసెంబర్ 23న కన్నుమూశారు. భారతరత్న వచ్చింది 2024లో. ఇంకో నిజం: ఆయన వెనక భూములున్న కుటుంబం ఉంది. దారి మారడానికి ఆయనకు దొరికిన టైమ్ మనందరికీ దొరకదు.

మరి మీ సంగతి?

అందుకే లెక్క వేసుకుని దిగండి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీవాళ్లయినా లాసెట్ రాయొచ్చు. ఎంబీఏ, ఎంసీఏకు ఐసెట్ ఉంది. ఎంసీఏకైతే ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలా అన్నది చూసుకోవాలి. శాతవాహన, కాకతీయ, ఉస్మానియాల్లో పీజీకి సీపీగెట్ రాయాలి. ఏ కోర్సుకు ఏ డిగ్రీ చెల్లుతుందో నోటిఫికేషన్‌లో లైన్ లైన్ చదవండి. సీనియర్ చెప్పాడని ఫీజు కట్టకండి.

అంతకంటే ముందు ఒక పని చేయండి. మీరు పోవాలనుకుంటున్న కోర్సు మొదటి ఏడాది పుస్తకం ఒకటి కరీంనగర్ లైబ్రరీ నుంచో, ఆదిలాబాద్‌లో చదివే ఫ్రెండ్ దగ్గర్నుంచో తెచ్చుకోండి. నెల రోజులు, రోజుకో గంట చదవండి. పాత సబ్జెక్టు మీద విసుగుతో పోతున్నారా, కొత్తదాని మీద ఇష్టంతో పోతున్నారా అన్నది ఆ నెలలో తేలిపోతుంది. ఇష్టమే అని తేలితే ఆ పుస్తకం, ఫీజుల లెక్క రాసిన కాగితం రెండూ పట్టుకుని బాపు దగ్గర కూర్చోండి. ఆయన అడిగేది ఖర్చు గురించే కాదు, మీరు మధ్యలో వదిలేస్తారేమో అన్న భయం గురించి కూడా. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి.