చవదార్ చెరువు దగ్గర బాబాసాహెబ్

మహద్ అనగానే మీకు 1927 మార్చి 20 గుర్తొస్తుంది. బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగిన రోజు అది. అదే ఏడాది డిసెంబర్‌లో, అదే ఊళ్లో ఆయనకు ఎదురైన కష్టం గురించి మాత్రం మనం తక్కువగా మాట్లాడుకుంటాం. సంఘం నడిపే మీకు అదే ఎక్కువ అవసరం.

మార్చిలో నీళ్లు తాగి వచ్చాక, మనవాళ్లు వీరేశ్వర్ గుడిలోకి కూడా దూరతారంటూ పుకారు పుట్టింది. కర్రలతో వచ్చి కొట్టారు. తిరిగి కొట్టడానికి మనవాళ్లూ సిద్ధమే, బాబాసాహెబ్ ఊ అంటే చాలు. ఆయన అనలేదు. శాంతంగా ఉండమన్నారు. తర్వాత కోర్టులో దోషుల్లో కొందరికి జైలుశిక్ష పడింది.

ఆగస్టులో మహద్ మున్సిపాలిటీ చెరువు అందరిదన్న తన పాత తీర్మానాన్ని రద్దు చేసుకుంది. దాంతో డిసెంబర్ 25న మళ్లీ సభ పెట్టారు. పందిరికి స్థలమిచ్చింది ఒక ముస్లిం సోదరుడు. ఆ రాత్రే మనుస్మృతిని తగలబెట్టారు. జైలుకైనా సరేనని సుమారు 4,000 మంది పేర్లు రాయించుకున్నారు. అయితే సవర్ణులు అప్పటికే కోర్టుకెళ్లి చెరువు మీద తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, ఉడికిపోతున్న ఆ జనానికి ఆగండి అని ఎవరు చెప్పాలి? పర్మిషన్ రద్దయితే ఫోన్ స్విచ్చాఫ్ చేసే నాయకుల్ని మీరు చూసే ఉంటారు. బాబాసాహెబ్ తప్పించుకోలేదు. కలెక్టర్‌నే సభలో మాట్లాడనిచ్చారు, ప్రభుత్వం ఏమంటుందో జనం నేరుగా వినాలని. ముందుకే వెళ్దామన్నవాళ్లనూ మాట్లాడనిచ్చారు. తర్వాత వాయిదా వేద్దామని తనే లేచి చెప్పారు, కారణాలు దాచకుండా. సవర్ణులతోనూ సర్కారుతోనూ ఒకేసారి తలపడొద్దు, కోర్టులో న్యాయం మన వైపే ఉంది అన్నది ఆయన లెక్క. కుర్రాళ్లకు రుచించలేదు. అయినా ఒప్పుకున్నారు. ఎందుకంటే ఆయన వాళ్లను చిన్నపిల్లల్లా చూడలేదు. సమ్మా వాచా అని మనం పంచశీల తర్వాత చదువుకునేది ఇదేనని నాకనిపిస్తుంది, ఆయన దీక్ష తీసుకోవడానికి అప్పటికి ఇంకా 29 ఏళ్లున్నా సరే.

ఉత్త చేతులతోనూ పంపలేదు. ఊరేగింపుగా చెరువు చుట్టూ తిరిగారు, నీళ్లు ముట్టలేదు. ఇక కేసు మాత్రం వదల్లేదు. కింది కోర్టు నుంచి పై కోర్టుకు నడిచి, 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో మనవాళ్లు గెలిచారు.